పిల్లల చేతికి ఏమిస్తున్నాం?



రమజాన్ చివరి పది రోజులు వచ్చేసరికి మన బజార్ల రూపమే మారిపోతుంది. చార్మినార్ పరిసరాలు కావచ్చు, గుంటూరు, కర్నూలు, కడప వీధులు కావచ్చు, తరావీహ్ నమాజు ముగిశాక కుటుంబాలకు కుటుంబాలే బయలుదేరతాయి. షీర్‌ఖుర్మాకు సేమ్యా, ఎండు ఖర్జూరాలు, ఆడపిల్లలకు గాజులు, మగపిల్లలకు కుర్తా పైజమా. బట్ట కొనే ముందు నాలుగు దుకాణాలు తిరుగుతాం. రంగు నిలుస్తుందా, కుట్టు గట్టిదేనా అని చేత్తో పట్టి చూస్తాం. ఆ పక్కనే తోపుడుబండి మీద ఆటవస్తువులు పేర్చి ఉంటాయి. అక్కడ మాత్రం ఈ పరిశీలన ఏదీ ఉండదు. పిల్లవాడు వేలు చూపిస్తాడు, మనం బేరమాడి డబ్బు ఇచ్చేస్తాం. ఏం కొన్నామో ఇంటికొచ్చాక, పండుగనాడు వీధిలో అరుపులు వినబడ్డాక గాని తెలియదు.

ఇది చిన్న విషయం, దీనిమీద ధర్మోపదేశం దేనికని ఎవరికైనా అనిపించవచ్చు. కాని ప్రతి ఒక్కరూ కాపరి వంటివారేనని, తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) హెచ్చరించారు. మన సంరక్షణలో ఉన్న బిడ్డ రోజులో నాలుగైదు గంటలు దేనితో గడుపుతున్నాడో ఆ వస్తువు కూడా ఆ ప్రశ్న పరిధిలోకి వస్తుంది. ఖుర్‌ఆన్ చదివించడానికి రోజుకు అరగంట కేటాయించి, మిగిలిన సమయమంతా ఏ వస్తువు వాడికి పాఠం చెబుతోందో చూడకపోతే ఎలా?

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఆటలంటేనే కాలక్షేపమని, ధార్మిక కుటుంబంలో పిల్లలు ఆడుకోవడం అంత మంచిది కాదని భావించే పెద్దలు కొందరున్నారు. దైవప్రవక్త (సఅసం) ఇంటి వాతావరణం ఈ భావనకు పూర్తిగా భిన్నం. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారు. ఆమెతో ఆడటానికి స్నేహితురాళ్ళు వచ్చేవారు. దైవప్రవక్త (సఅసం) ఇంట్లోకి అడుగుపెడితే ఆ బాలికలు సిగ్గుతో చాటుకు వెళ్ళిపోయేవారు. ఆయన వారిని పిలిచి, మళ్ళీ ఆమె దగ్గరకే ఆటకు పంపేవారు. ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఒక మహోన్నత బాధ్యతను మోస్తున్న వ్యక్తి, బయట ఎన్ని సమస్యలున్నా, ఇంట్లో పిల్లల ఆట తన రాక వల్ల ఆగిపోకూడదని ఆలోచించారు.

ఆషూరా ఉపవాసం గురించి హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పిన విషయం కూడా గమనించండి. మదీనా స్త్రీలు తమ చిన్నపిల్లల చేత కూడా ఆ రోజు ఉపవాసం పాటింపజేసేవారు. పిల్లలకోసం ఉన్నితో ఆటబొమ్మలు చేసి దగ్గర ఉంచుకునేవారు. అన్నం కావాలని బిడ్డ ఏడిస్తే, ఇఫ్తార్ వేళ వరకూ ఆ బొమ్మతో మరిపించేవారు. అంటే ఆటవస్తువు అక్కడ ఆరాధనకు అడ్డం కాలేదు, తోడయింది. అదీ బజారులో కొన్నది కాదు, తల్లి తన చేతులతో చేసినది.

హిజ్రీ 505లో, అంటే క్రీ.శ. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ పిల్లల శిక్షణ గురించి రాస్తూ, చదువు ముగించుకొని వచ్చిన పిల్లవాణ్ణి మంచి ఆటలు ఆడుకోనివ్వాలని, అస్తమానం చదువుకే కట్టేస్తే వాడి మనసు చచ్చిపోతుందని, తెలివి మొద్దుబారుతుందని చెప్పారు. ట్యూషన్ నుండి ట్యూషన్‌కు పిల్లల్ని తరుముతున్న ఈ కాలపు తల్లిదండ్రులకు ఇది తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే అందిన సలహా.

ఆట ధర్మసమ్మతమే అయినప్పుడు ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఎలాంటి ఆట? ఎలాంటి వస్తువు?

దీనికి జవాబు వెతకాలంటే అబూ దావూద్ గ్రంథంలోని ఒక ఉల్లేఖనం దగ్గర కాసేపు ఆగాలి. దైవప్రవక్త (సఅసం) ఒక యుద్ధయాత్ర నుండి తిరిగి వచ్చారు. అది తబూక్ యాత్రో, ఖైబర్ యాత్రో అని ఉల్లేఖకుడు సందేహం వ్యక్తం చేశారు. హజ్రత్ ఆయిషా (రజి) గదిలో ఒక మూల తెర వేలాడుతోంది. గాలికి ఆ తెర పక్కకు తొలగింది. వెనక బొమ్మలు కనిపించాయి. ఇవేమిటని ఆయన అడిగారు. నా కూతుళ్ళని ఆమె చెప్పారు. వాటి మధ్య గుర్రం బొమ్మ ఒకటి ఉంది, దానికి గుడ్డపీలికలతో చేసిన రెండు రెక్కలున్నాయి. ఈ మధ్యలో ఉన్నదేమిటని అడిగారు. గుర్రమన్నారామె. దానిమీద ఉన్నవేమిటన్నారు. రెక్కలన్నారు. గుర్రానికి రెక్కలా అని ఆయన ఆశ్చర్యం కనబరిచారు. సులైమాన్ (అలైహి) దగ్గర రెక్కల గుర్రాలుండేవని మీరు వినలేదా అని ఆమె తిరిగి ప్రశ్నించారు. అప్పుడాయన దవడ పళ్ళు కనిపించేంతగా నవ్వారు.

సోదరులారా! ఈ సంఘటనలో ఉన్న ఆటవస్తువును చూడండి. గుడ్డపీలికలు. వెల ఏమీ లేనివి. కాని ఆ గుడ్డపీలికల్లో ఒక ఊహ ఉంది. ఎక్కడో విన్న ఒక ప్రవక్త గాథ ఆ చేతుల్లో రెక్కలుగా రూపం దాల్చింది. దైవప్రవక్త (సఅసం) ఎలా మెలిగారో కూడా చూడండి. గుర్రాలకు రెక్కలుండవని ఆయన సరిదిద్దలేదు. ఇవేం పిచ్చి ఆటలని విసుక్కోలేదు. ఒక ప్రశ్న తర్వాత మరొక ప్రశ్న వేశారు. ప్రయాణపు బడలికతో ఇల్లు చేరిన మనిషి నిలబడి నాలుగు ప్రశ్నలు అడిగారు, జవాబు విని మనసారా నవ్వారు. ఇంటికి రాగానే టీవీ ముందు కూర్చునే మనం మన పిల్లల ఆట గురించి ఈ వారంలో ఎన్ని ప్రశ్నలు వేశాం?

ఇప్పుడు బజారులోని బ్యాటరీ బొమ్మను దీని పక్కన పెట్టండి. మీట నొక్కితే అదే తిరుగుతుంది, అదే పాడుతుంది, లైట్లు వేసుకుంటుంది. ఆడుతున్నది బొమ్మ, చూస్తున్నది బిడ్డ. రెండో రోజుకు ఆ వింత తీరిపోతుంది, మూడో రోజుకు అది మంచం కిందకు చేరుతుంది. వెల చూస్తే వందల్లో ఉంటుంది. దుబారాను అల్లాహ్ ఇష్టపడడని మనకు తెలుసు. పెళ్ళి విందుల్లో దుబారా గురించి మాట్లాడతాం గాని, మంచం కింద పోగుపడిన విరిగిన ప్లాస్టిక్ గురించి మాట్లాడం.

పిల్లవాడు చేయడానికి ఏదైనా మిగిల్చే వస్తువే మంచి ఆటవస్తువు. చెక్క దిమ్మెల పెట్టె ఒకటి తెచ్చి ఇవ్వండి. ఈ రోజు మస్జిదు కడతాడు, మినారు ఎత్తు ఎక్కువై కూలిపోతుంది, మళ్ళీ కడతాడు. రేపు అవే దిమ్మెలు రైలు అవుతాయి. బంకమట్టి, రంగుపెన్సిళ్ళు, గుడ్డముక్కలు, పాత అట్టపెట్టెలు ఇలాంటివే. మన పల్లెల్లో వేసవి వచ్చిందంటే ముంజెలు తిన్నాక మిగిలిన తాటికాయలతో పిల్లలే బండి చేసుకునేవారు. రెండు కాయలకు పుల్ల గుచ్చి, పొడవాటి కొమ్మతో తోసుకుంటూ ఊరంతా తిరిగేవారు. ఇసుర్రాయి మీద పెసలు విసిరే నానీ దగ్గర కూర్చొని చింతపిక్కలతో వామనగుంటలు, గులకరాళ్ళతో అచ్చనగిల్లలు ఆడిన అక్కచెల్లెళ్ళు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. ఆ ఆటలు మనవరాళ్ళకు నేర్పమని వారిని అడగండి. అగ్గిపుల్లలు, సైకిల్ ట్యూబు ముక్కలు, పాత కాగితాలతో సైన్సు బొమ్మలు చేయడం దేశమంతటా పిల్లలకు నేర్పిన అరవింద్ గుప్తాకు 2018లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. చెత్తలో పారేసే వస్తువుల్లో ఎంత చదువు దాగి ఉందో ఆయన చేసి చూపించారు.

కొనాలనుకునేవారికి మన రాష్ట్రాల్లోనే మంచి వస్తువులున్నాయి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, లక్కకు మొక్కల నుండి తీసిన రంగులు కలిపి బొమ్మలు చేస్తారు. అక్కడి లక్కపిడతలు, బొంగరాలు పిల్లలు చేత్తో పట్టుకొని ఆడటానికి హాయిగా ఉంటాయి. విజయవాడ దగ్గర కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే మనిషి, పల్లె జీవితంలోని దృశ్యాలు చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో వాటి భాగాలను అతికిస్తారు. వారు చేసే వాటిలో దేవతామూర్తులు కూడా ఉంటాయి. అవి మన ఇళ్ళకు తగినవి కావు. బండ్లు, పక్షులు, పల్లె మనుషుల బొమ్మలు తీసుకోవచ్చు. ప్రాణుల రూపంలో ఉన్న బొమ్మల విషయంలో పండితుల మధ్య చర్చ ఉన్నమాట నిజమే. అయితే హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనాన్ని ఆధారం చేసుకొని, పిల్లల ఆటబొమ్మలకు మినహాయింపు ఉందని అధికసంఖ్యాకులైన పండితులు అభిప్రాయపడ్డారు. ఖాజీ ఇయాజ్ ఇదే మాట చెప్పగా హాఫిజ్ ఇబ్నె హజర్ దాన్ని తన బుఖారీ వ్యాఖ్యానంలో ఉటంకించారు. జాగ్రత్త పాటించాలనుకునేవారికి దిమ్మెలు, బండ్లు, బంతులు ఎలాగూ ఉన్నాయి.

కొన్న వస్తువును పిల్లవాడు విప్పేస్తే కూడా తొందరపడి కొట్టకండి. లోపల ఏముందో చూడాలన్న ఆసక్తి అల్లాహ్ ఇచ్చిన వరం. క్రీ.శ. 1206లో దియార్‌బకర్‌లోని అల్ జజరీ నీటి బలంతో కదిలే బొమ్మలు, ఏనుగు గడియారం ఎలా చేయాలో చిత్రాలతో సహా గ్రంథం రాసిపెట్టారు. అలాంటివారి వారసులమని సభల్లో గర్వంగా చెప్పుకుంటాం, ఇంట్లో మాత్రం స్క్రూ విప్పిన పిల్లవాడి చెవి మెలిపెడతాం.

ఇక అసలు విషయానికి వద్దాం. పండుగనాడు మన మొహల్లాల్లో మగపిల్లల చేతుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఆటవస్తువు తుపాకీ. ఈద్‌గాహ్‌లో నమాజు చేసి, పెదనాన్న కొడుకును కౌగిలించుకొని సలాం చెప్పిన పిల్లవాడే, ఈదీ చేతిలో పడగానే తుపాకీ కొనుక్కొని గంటలోపే ఆ అన్న గుండెకు గురిపెడతాడు. సలాం అంటే నీకు శాంతి కలగాలని. నోరు శాంతి పలుకుతోంది, చేయి చంపడం నటిస్తోంది. పెద్దలు చూసి నవ్వుతున్నారు. కొందరు చచ్చినట్టు పడిపోయి చూపిస్తున్నారు కూడా!

ఆయుధాన్ని సోదరుని వైపు చూపరాదని దైవప్రవక్త (సఅసం) ఎంత గట్టిగా చెప్పారో తెలుసా? ఇనుప ఆయుధంతో తన సోదరుని వైపు సైగ చేసేవాణ్ణి దైవదూతలు శపిస్తారని, అతను ఒకే తల్లిదండ్రులకు పుట్టిన సొంత సోదరుడైనా సరే అదే వర్తిస్తుందని ముస్లిం గ్రంథంలోని హదీసు తెలుపుతోంది. సొంత అన్నదమ్ముల మధ్య అది వేళాకోళమే అయి ఉంటుంది గదా! వేళాకోళానికైనా వద్దనే ఆ మాట. షైతాను ఆ చేతిని జార్చవచ్చునని మరొక హదీసు కారణం చెబుతోంది. ప్లాస్టిక్ తుపాకీ ఇనుప ఆయుధంతో సమానమని, పిల్లవాడికి ఆ శాపం తగులుతుందని నేను అనడం లేదు. పిల్లలపై ధర్మశాసనం ఇంకా విధిగా లేదు. కాని పెద్దయ్యాక ఏ పని చేస్తే దైవదూతల శాపానికి గురవుతాడో, ఆ పనికే చిన్నప్పటి నుండి చేయిని అలవాటు చేసే వస్తువును మన డబ్బుతో కొనివ్వడం ఏ రకమైన పెంపకం?

ఒక ప్రయాణంలో నిద్రపోతున్న సహచరుని తాడును మరొకరు సరదాకు లాగితే అతను ఉలిక్కిపడి లేచాడు. ఒక ముస్లిం మరొక ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (సఅసం) అప్పుడు ప్రకటించారు. భయపెట్టడమే ఆటగా ఉన్న బొమ్మలను, పాములను, ముసుగులను కూడా ఈ వెలుగులో చూసుకోండి.

ఇది కేవలం మనసుకు సంబంధించిన విషయం కూడా కాదు. ఈ తుపాకుల్లో కొన్ని గట్టి ప్లాస్టిక్ గుండ్లను విసురుతాయి. 2015లో ఈదుల్ ఫిత్ర్ రోజుల్లో ఆఫ్ఘనిస్తాన్‌లో ఇలాంటి బొమ్మ తుపాకుల వల్ల వందమందికి పైగా గాయపడ్డారు. వారిలో దాదాపు అందరూ పిల్లలే, ఎక్కువగా తగిలింది కళ్ళకే. దాంతో అక్కడి ప్రభుత్వం ఆ బొమ్మలను నిషేధించింది. నిజమైన తుపాకుల మోతతో దశాబ్దాలు గడిపిన దేశమది. 1980లలో అక్కడ విమానాల నుండి వెదజల్లిన సీతాకోకచిలుక ఆకారపు మందుపాతరలను ఆటబొమ్మలనుకొని పిల్లలు చేత్తో పట్టుకొని బలయ్యారు. అంతటి గాయం తిన్న నేల మీద కూడా పండుగకు పిల్లలకు దొరికింది తుపాకీయే. ఈ మాట తలచుకుంటే మనసు బరువెక్కుతుంది.

ఇక్కడ ఒక సోదరుడు ఇలా అడగవచ్చు. ఈద్ రోజున అబిసీనియా వాసులు దైవప్రవక్త మస్జిదులోనే బల్లేలు, డాళ్ళతో ఆడలేదా? హజ్రత్ ఆయిషా (రజి) అలసిపోయేవరకూ ఆ ఆట చూడటానికి దైవప్రవక్త (సఅసం) ఆమెకు తన దుప్పటి అడ్డుపట్టి నిలబడలేదా? విలువిద్యను ఆయన ప్రోత్సహించలేదా? నిజమే, ఇవన్నీ ప్రామాణిక ఉల్లేఖనాలే. కాని అదే మస్జిదులోకి ఒక వ్యక్తి బాణాలతో వస్తే, ఎవరికీ గుచ్చుకోకుండా వాటి మొనలు పట్టుకొని నడవమని ఆయన ఆదేశించారు. రెండిటినీ కలిపి చదవాలి. బల్లెపు ఆటలో నేర్పు ఉంది, శరీర దారుఢ్యం ఉంది, నియమం ఉంది, పెద్దలు దగ్గరున్నారు. విలువిద్యకు గురి చెట్టుకు కట్టిన గుడ్డో, మట్టిదిబ్బో. మన వీధిలోని తుపాకీ ఆటకు గురి తోటి పిల్లవాడి ముఖం. మీ అబ్బాయికి గురి నేర్పాలంటే విల్లు, బాణాలు కొనండి, గోడకు బియ్యపు సంచి కట్టండి, పక్కన నిలబడండి. దానికి ఎవరూ అడ్డుచెప్పరు.

గురి కోసం ప్రాణిని వాడటం గురించి హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) సంఘటన ఉంది. కొందరు ఖురైష్ యువకులు ఒక పక్షిని కట్టేసి దానిమీద బాణాలు వేస్తున్నారు. తప్పిపోయిన ప్రతి బాణమూ పక్షి యజమానికి చెందాలని పందెం. ఇబ్నె ఉమర్ (రజి) రావడం చూసి చెల్లాచెదురయ్యారు. ప్రాణమున్న దాన్ని గురిగా పెట్టుకునేవారిని దైవప్రవక్త (సఅసం) శపించారని ఆయన వారికి తెలియజేశారు. ఉండేలు పట్టుకొని పిచ్చుకల వెంట, తొండల వెంట తిరిగే మన పిల్లలకు ఈ సంఘటన కథగా చెప్పండి. గాలిపటాలు ఎగరేయడంలో తప్పులేదు, కాగితం, వెదురుపుల్లలతో ఇంట్లోనే చేసుకుంటే ఇంకా మంచిది. కాని పక్షుల రెక్కలను, బైకు మీద వెళ్ళేవారి గొంతులను కోస్తున్న నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. దాన్ని చాటుగా కొని పిల్లల చేతికిచ్చే తండ్రి చట్టానికీ జవాబుదారే, అల్లాహ్‌కూ జవాబుదారే.

ఫోను ఆటల గురించి వేరే చెప్పనక్కరలేదు. ఎంతమందిని కాలిస్తే అన్ని పాయింట్లు వచ్చే ఆట, ప్లాస్టిక్ తుపాకీకి ముదిరిన రూపమే.

పంపకంలో న్యాయం గురించి రెండు మాటలు. హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి)కు ఆయన తండ్రి ఒక కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (సఅసం)ను సాక్షిగా ఉండమన్నారు. నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన ప్రశ్నించారు. లేదని తెలిసి సాక్ష్యానికి నిరాకరించారు, సంతానం మధ్య న్యాయం పాటించమన్నారు. కొడుకుకు ఐదు వందల రూపాయల కారు, కూతురికి ఇరవై రూపాయల గాజులు కొనే ఇళ్ళు ఈ హదీసు వినాలి. దిమ్మెల పెట్టె కూతురికి కూడా కావాలి. కొడుక్కి లక్కపిడతలు ఇస్తే పరువు పోదు. ఇంటి పనుల్లో దైవప్రవక్త (సఅసం) తన కుటుంబానికి సాయపడేవారని మనం చదివే ఉన్నాం. పక్కింటి పేదపిల్లవాడికి ఈదీ అందదన్న సంగతి కూడా గుర్తుంటే, బంతి, క్యారంబోర్డు, తొక్కుడుతాడు లాంటివి కొందాం. అవి ఒక్కడే ఆడుకునేవి కావు, ఆ పిల్లవాణ్ణి పిలవక తప్పదు.

కొనేటప్పుడు భద్రత కూడా చూడండి. 2021 జనవరి 1 నుండి మన దేశంలో పద్నాలుగేళ్ళలోపు పిల్లల ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. భౌగోళిక గుర్తింపు పొందిన చేతిపనుల బొమ్మలకు దీని నుండి మినహాయింపు ఉంది. రంగు పెచ్చులూడే చవక బొమ్మల్లో సీసం ఉండవచ్చు. గుండీలాంటి చిన్న బ్యాటరీని పసిబిడ్డ మింగితే రెండు గంటల్లోనే గొంతులోపల కాలి పుండు పడుతుంది. ఆ బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మను ఇంట్లోకి రానివ్వకండి.

ఇవేవీ కొనే స్తోమత లేని తండ్రి నిరాశపడనక్కరలేదు. దైవప్రవక్త (సఅసం) సజ్దాలో ఉండగా మనవడు వీపెక్కితే, వాడి ముచ్చట తీరేవరకూ ఆయన సజ్దాను పొడిగించారు. మనవరాలు ఉమామాను భుజాన ఎత్తుకొని నమాజు చేశారు, సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకున్నారు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. ఆ పిట్ట ఏమైందని ఆయన ఆ పిల్లవాణ్ణి పేరుపెట్టి పిలిచి పలకరించేవారు. ఏనుగెక్కించడానికి నాన్న వీపు చాలు.

తుపాకీ ఇప్పటికే ఇంట్లో ఉంటే ఏం చేయాలని కొందరు తల్లులు అడుగుతుంటారు. లాక్కొని విరగ్గొట్టకండి. కోపంతో విరిచిన తుపాకీ కూడా హింసనే నేర్పుతుంది. ముందు ఒక నియమం పెట్టండి, మనిషి వైపు, జంతువు వైపు గురిపెట్టకూడదని. అందులో మజా తగ్గిందని వాడే గ్రహిస్తాడు. అప్పుడు బజారుకు తీసుకెళ్ళి, ఇది వదిలేస్తే వాడికి నచ్చిన మరో వస్తువు కొంటామని చెప్పి, వాణ్ణే ఎంచుకోనివ్వండి. వాడు అడిగే ప్రశ్నలకు ఓపికగా జవాబివ్వండి. పెద్దల సంగతే కొంచెం కష్టం. పండుగకు తుపాకీ తెచ్చేది చాలాసార్లు మామూనో, చాచానో. వారు ప్రేమతోనే తెస్తారు, తెచ్చాక వద్దంటే నొచ్చుకుంటారు. అందుకే వారం ముందే ఫోన్ చేసి, మీ మేనల్లుడికి ఈసారి ఫుట్‌బాల్ కావాలట, రోజూ అదే పాట అని చెప్పేయండి. ఏం కొనాలా అన్న వెతుకులాట ఆయనకూ తప్పుతుంది.